యగోదా బయటపెట్టిన రాయి

ఒపల్ అనే రంగురంగుల రత్నాలు తవ్వుకునే మా కాలికో ఫ్లాట్‌లో ఎదురుపడిన మనిషిని ఎవరూ ముందుగా ఒంట్లో ఎలా ఉందని అడగరు. "ఏమైనా తగిలిందా?" అని అడుగుతారు. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "ఏముంది, మట్టే." ముందురోజు ఒపల్ పొర కనబడి రాత్రంతా నిద్రపట్టనివాడూ అదే అంటాడు, నెలల తరబడి డబ్బా చిక్కుళ్లు తప్ప మరేమీ తిననివాడూ అదే అంటాడు. తగిలిందని నోరు జారితే తెల్లారేసరికి పక్క జాగాలో ఎవడో హద్దు కొయ్యలు పాతేసి ఉంటాడు. అందుకే మా ఊళ్లో ఈ అబద్ధాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఇంటికి గొళ్లెం పెట్టుకోవడం లాంటిది.

ఈ అబద్ధాన్ని యగోదా పెర్కోవిచ్ అంత బాగా చెప్పగలిగినవాళ్లు ఊళ్లో మరొకరు లేరు. గొంతు మారదు, కనురెప్ప కదలదు. ఒకసారి పావురం గుడ్డంత ఒపల్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, రాళ్లు కొనడానికి వచ్చిన వర్తకుడి పక్కనే కూర్చుని, రాని వర్షాల గురించి మాట్లాడి లేచి వచ్చిందని చెప్పుకుంటారు. ధర పెరిగేదాకా ఆ రాయి సంగతి ఆమె భాగస్వామికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ అలవాటే చివరికి ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

ఆమె ఇక్కడికి వచ్చినప్పుడు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఎక్కడో దూరదేశంలో, అడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున ఒక చేపల పల్లె నుంచి మొగుడు బ్రాంకో వెంట వచ్చింది. ఇక్కడ చెట్టు లేదు, నీడ లేదు. వేసవిలో గాలి పొయ్యి తలుపు తెరిచినట్టు కొడుతుంది. కొండ పక్కన తొలిచిన గదుల్లోనే జనం కాపురాలు. ఆ రోజుల్లో ఆడవాళ్లు వంట చేసేవాళ్లు, లేదంటే మగవాళ్లు పైకి తోడిపోసిన మట్టిదిబ్బల్లో రంగు ముక్కలు (మా ఊళ్లో ఒపల్‌ని రంగు అనే అంటారు) ఏరుకునేవాళ్లు. యగోదా ఒక ఏడాది ఏరింది. బ్రాంకో భాగస్వామి తగువు పెట్టుకుని వెళ్లిపోయాక మూడో రోజున ఎవరినీ అడగకుండా గని బావిలోకి నిచ్చెన దిగింది.

"కింద నీకేం పని?" అన్నాడు బ్రాంకో.

"పైన ఏరుకునేది కింద నువ్వు వదిలేసిందే కదా. వదలకుండా చూడ్డానికి వచ్చా."

బ్రాంకో తవ్వడంలో మంచి పనివాడు. ఒక్క లోపం. తగిలిన చోట ఆగలేడు. సొరంగం తొలిచేటప్పుడు కప్పు కూలకుండా మధ్యమధ్యలో కొంత భాగాన్ని తవ్వకుండా స్తంభంలా వదిలేస్తారు. ఒపల్ పొర ఆ స్తంభంలోంచి కూడా సాగిపోతుంది. లోపలికి పోతున్న పొర కళ్లకు కనబడుతూనే ఉంటుంది. ఒక చలికాలం ఉదయం, "ఈ కాస్త గీకి ఆపేస్తా," అని చెప్పి బ్రాంకో స్తంభం మీద చెయ్యి వేశాడు. కప్పు దిగిపోయింది. అతన్ని బయటికి తీసేసరికి సాయంత్రమైంది. అతని గుప్పిట్లో రంగు ఉందని కొందరంటారు. యగోదా ఆ సంగతి మాట్లాడదు.

అందరూ ఆమె తిరిగి తన దేశం వెళ్లిపోతుందనుకున్నారు. ఆమె స్టెలియోస్‌తో చెయ్యి కలిపింది. ఇక్కడ భాగస్వామ్యానికి కాగితాలు ఉండవు. చెయ్యి కలిపితే సగం సగం, అంతే. స్టెలియోస్ గ్రీకువాడు, సముద్రం అడుగున స్పాంజి కోసేవాళ్ల ద్వీపంలో పుట్టినవాడు, ఆమెకన్నా పదేళ్లు పెద్ద, మాటకి ముందు సణుగుడు. వాళ్లిద్దరి గురించి ఊరు మొదట్లో నాలుగు మాటలు అనుకుంది, తర్వాత విసిగి మానేసింది. అప్పటినుంచి ఆమె తవ్విన ఏ సొరంగంలోనూ స్తంభం ముట్టలేదు. కొత్తగా వచ్చినవాళ్లు ఆమె బావిలోకి దిగి చూస్తే, లావైన స్తంభాలు, వాటిలోంచి బయటికి తొంగిచూస్తున్న ఆకుపచ్చ గీతలు కనబడతాయి. ముట్టుకోనిచ్చేది కాదు.

నీళ్ల సంగతి చెప్పాలి. మా ఊరికి నీళ్లు ట్యాంకరులో వస్తాయి, అందుకని అందరం పొదుపే. యగోదా నీళ్లు తాగకపోవడానికి కారణం మాత్రం అది కాదు, నిచ్చెన. కింద పనిచేసే మగవాళ్లకి అవసరం పడితే పాత సొరంగం మూల ఒకటి చూసుకుంటారు. ఆమె ఆ పని చెయ్యదు. ఇనుప నిచ్చెన పట్టుకుని ఏడెనిమిది నిలువుల ఎత్తు ఎక్కాలి, మళ్లీ దిగాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికి పొద్దున ఒక కప్పు కాఫీ తాగి, పొద్దుగూకేదాకా గొంతు తడుపుకునేది కాదు. నలభై ఏళ్లు అలాగే గడిపింది. మూత్రంలో మంట పుట్టినా, జ్వరం వచ్చినా, ఇంట్లో మిగిలిన మాత్రలేవో మింగేది. వీపు కుడివైపు నొప్పి వస్తే సుత్తి యంత్రం పట్టిన నొప్పి అనుకుంది. మూత్రం ఎర్రగా వచ్చింది. అది కూడా చూసి, ఊరుకుంది.

ఊరి క్లినిక్‌లో నర్సు డాఫ్నీ ఈ ప్రాంతపు మనిషి. ఆమె పూర్వీకులు మేమెవరం రాకముందు నుంచీ ఇక్కడివాళ్లే. రక్తపోటు చూడ్డానికి వచ్చిన యగోదాని ఆమె ఒకసారి మామూలుగా అడిగింది.

"ఆంటీ, మూత్రంలో రక్తం గాని పడుతోందా?"

"ఏమీ లేదు."

"నడుం నొప్పి?"

"ఏముంది, మట్టి మోసే ఒళ్లు."

ఆ ముఖంలో డాఫ్నీకి ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. వర్తకులకే దొరకలేదు.

ఫిబ్రవరిలో, అంటే మాకు నడివేసవిలో, ఒక మధ్యాహ్నం, పైన ఎండ మండిపోతుంటే, కింద చల్లటి సొరంగంలో యగోదా పళ్లు టకటక కొట్టుకోవడం స్టెలియోస్‌కి వినబడింది. వెళ్లి చూస్తే గోడకి ఆనుకుని కూర్చుని వణుకుతోంది. ఒళ్లు కాలిపోతోంది. నిచ్చెన ఎక్కే స్థితిలో లేదు. స్టెలియోస్ ఆమెని మట్టి తోడే బకెట్‌లో కూర్చోబెట్టి, తాడుతో కట్టి, పైకెక్కి యంత్రంతో లాగాడు.

"మట్టి బకెట్‌లో ఎక్కించావు కదరా నన్ను," అందట పైకొచ్చాక.

"మరి మట్టేనన్నావుగా ఇన్నాళ్లూ," అన్నాడట స్టెలియోస్.

డాఫ్నీ ఒక్క చూపు చూసి డాక్టర్ల విమానం పిలిపించింది. విమానంలోకి ఎక్కిస్తుంటే యగోదా స్టెలియోస్ చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పింది. "ఎవరికీ ఏమీ చెప్పకు."

అతను చెప్పలేదు. అక్కడే ఇంకో కథ మొదలైంది, దానికి తర్వాత వస్తాను.

*

అడిలైడ్ నగరంలో ఆసుపత్రివాళ్లు ముందు జ్వరం దించారు. తర్వాత స్కాన్ తీశారు. డాక్టర్ ట్రెలోర్ అనే ఆయన ఆ బొమ్మలు పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, పొడుగు వేళ్లు, తొందర లేని గొంతు. వాళ్ల ముత్తాతలు రాగి గనుల్లో పనిచేశారట.

"మీకు ఎడమ కిడ్నీ చిన్నప్పుడే ఎండిపోయినట్టుంది. వేరుశనగ కాయంత ఉంది. అది పని చెయ్యడం లేదు," అన్నాడు. "మీరు ఇన్నేళ్లూ బతికింది కుడి దాని మీదే. దాన్నిండా పిడికెడు రాయి."

బొమ్మలో ఆ రాయి అల్లం కొమ్ములా ఉంది. నడుమ లావుగా, చుట్టూ వేళ్లు చాచి, కిడ్నీ లోపలి ఖాళీ అంతా నింపేసింది.

"ఇది పోతే?"

"డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఇక్కడే."

"మా ఊరు వెళ్లి రావచ్చా?"

"బస్సులో ఒక రోజు దారి కదమ్మా. వెళ్లి రావడం కుదరదు. ఈ ఊళ్లోనే ఇల్లు చూసుకోవాలి."

యగోదా కిటికీ వైపు చూసింది. నలభై ఏళ్లుగా కొండ లోపల, కిటికీ లేని గదిలో పడుకున్న మనిషి. ఆ వార్డులో చేరినప్పటినుంచి దుప్పటి ముఖం మీదికి లాక్కుంటేనే నిద్రపట్టేది. మంచం ఏ అంతస్తులో ఉందో నర్సు చెప్పినప్పుడు, "ఇంత పైకి ఎందుకు తెచ్చారు నన్ను," అని అడిగింది. ఇక జీవితమంతా ఇలా కిటికీల మధ్య, యంత్రానికి కట్టుకుని. బావి మీద రేకు కప్పి ఉంటుంది. స్టెలియోస్ ఒక్కడే కిందికి దిగలేడు. ఆ జాగా ఇంకెవరిదో అవుతుంది.

"తీసెయ్యండి రాయిని," అంది.

"తీస్తాం. కోత పెద్దగా ఉండదు. వీపు మీద చిన్న బెజ్జం పెట్టి, అందులోంచి సన్న గొట్టం దింపుతాం. చివర కెమెరా ఉంటుంది."

"ఎంత బెజ్జం?"

"నా చిటికెన వేలు పట్టేంత."

"రాయి పిడికెడు ఉందన్నారు. చిటికెనవేలి బెజ్జంలోంచి ఎలా వస్తుంది?"

"లోపలే పగలగొడతాం."

యగోదా తల అడ్డంగా ఊపింది. "అయితే వద్దు. కోసి తియ్యండి. ఎంత పెద్ద కోత అయినా సరే. రాయి ఒక్క ముక్కగా రావాలి."

భయపడుతోందనుకున్నాడు డాక్టరు. మళ్లీ చెప్పాడు, బొమ్మ గీశాడు. ఆమె వినిపించుకోలేదు. భయం కాదది. మా ఊళ్లో ఏ పిల్లనడిగినా చెబుతుంది. గోడలో రంగు కనబడగానే యంత్రం ఆపేస్తారు. తర్వాత చిన్న చేతి గునపం, గీకుడు పుల్ల, ఊపిరి బిగబట్టి పని. పొర దగ్గర సుత్తి పట్టేవాడిని ఎవడూ భాగస్వామిగా పెట్టుకోడు. రాయిని ఉన్నచోటే పగలగొట్టడమనే మాట వినగానే ఆమె చెవులు మూసుకుపోయాయి.

మర్నాడు స్టెలియోస్ బస్సు దిగి వార్డుకి వచ్చాడు. సంచిలో ఉడికించిన గుడ్లు, ఆలివ్ కాయలు, ఒక చొక్కా. వార్డు నర్సు వద్దంటున్నా గుడ్డు వొలిచి ఆమె చేతిలో పెట్టాడు.

"పగలగొడతాడంట," అంది యగోదా.

"పగలగొడితే నీకేంటే? ఉంగరంలో పొదిగించుకుంటావా దాన్ని?"

"లోపల గోడలుంటాయి, ముసలోడా. పొర పక్కన సుత్తి పెడితే గోడకి తగలదా? నీ చేతిలో ఎన్నిసార్లు జారింది?"

"నా చెయ్యి సంగతెందుకు. నా చేత కోయించుకుంటున్నావా? ఆయన్నడుగు."

"ఊళ్లో ఏమంటున్నారు?"

స్టెలియోస్ ఇంకో గుడ్డు వొలవడంలో మునిగిపోయాడు.

"ఏం చెప్పావు వాళ్లకి?"

"ఏమీ చెప్పలేదు. నువ్వు చెప్పొద్దన్నావు కదా. యగోదా ఏదని క్లబ్బులో మిక్ అడిగాడు. పని మీద అడిలైడ్ వెళ్లిందన్నాను. ఏం పని అన్నాడు. ఏమీ లేదన్నాను."

యగోదా కళ్లు మూసుకుంది. నలభై ఏళ్లలో ఊరు దాటని మనిషి, హఠాత్తుగా, విమానంలో, అడిలైడ్‌కి. అడిగితే ఏమీ లేదట. మా ఊళ్లో దానికి ఒకటే అర్థం: పెద్ద రాయి తగిలింది.

"మన జాగా చుట్టూ కొయ్యలు పాతేశారు," అన్నాడు స్టెలియోస్ చివరికి. "నాలుగు వైపులా."

ఆ సాయంత్రం డాక్టర్ ట్రెలోర్ వచ్చినప్పుడు, పగలగొడితే గోడకి తగలదా అని ఇద్దరూ కలిసి అడిగారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఒకటి చెప్పండి. మీరు తవ్వేటప్పుడు దేన్ని కాపాడుకుంటారు?"

"రాయిని," అన్నాడు స్టెలియోస్.

"చుట్టూ ఉన్న మట్టిని?"

"తోడి పారబోస్తాం."

"నాది తలకిందుల తవ్వకం. నాకు ఆ రాయి ఎందుకూ పనికిరాదు. పొడి అయిపోయినా పరవాలేదు. చుట్టూ ఉన్నదే నాకు కావాలి. రాయి ఒక్క ముక్కగా రావాలంటే కిడ్నీని రెండుగా చీల్చాలి. చీల్చినచోట మళ్లీ పని చెయ్యకపోవచ్చు. మీకున్నది ఒక్కటే."

స్టెలియోస్ గుడ్డు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది.

"కొట్టే కడ్డీ గట్టిదాన్నే కొడుతుంది," అన్నాడు డాక్టరు. "మెత్తటి గోడ దెబ్బని కొంత మింగేస్తుంది. అయినా అస్సలు తగలదని నేను చెప్పను. అందుకే చూస్తూ కొడతాం."

ఆమె బొమ్మని దగ్గరికి లాక్కుని అడిగింది. "బావి ఎక్కడినుంచి దింపుతారు?"

ఆయన బొమ్మ మీద వేలు పెట్టాడు. చివరి పక్కటెముక కింద. రక్తనాళాలు మధ్యలో గుంపుగా ఉంటాయి కాబట్టి మధ్యలోకి దిగరు, కిడ్నీ అంచున ఉన్న గది కొసలోకి దిగుతారు. ముందు సన్నటి సూది. దాని లోపలినుంచి తీగ. ఆ తీగ మీదుగా ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలు, దారి చాలినంత అయ్యేదాకా.

"మేం కూడా ముందు సన్న బెజ్జమే వేసి చూస్తాం," అంది. "తర్వాతే పెద్ద డ్రిల్లు. మరి నీళ్లూరితే?"

"రక్తమా? ఊరితే ఏమీ కనబడదు. కనబడకపోతే ఆపేస్తాను."

"రాయి ఎదురుగా ఉన్నా?"

"ఉన్నా."

"చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉన్నా?"

డాక్టర్ ట్రెలోర్ బొమ్మ మీదినుంచి వేలు తీసేశాడు. "ఇక్కడ కూర్చుని చెప్పడం తేలిక," అన్నాడు. "అక్కడ కష్టం. కానీ ఆపుతాను."

అప్పుడు ఆమె బ్రాంకో సంగతి చెప్పింది. నాకు తెలిసి అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. పెద్దగా ఏమీ కాదు, రెండు మాటలు. ఈ కాస్త గీకి ఆపేస్తానన్నాడని, ఆపలేదని. స్తంభం అంటే ఏమిటో స్టెలియోస్ విడమరిచాడు.

"స్తంభం జోలికి వెళ్లకండి డాక్టరు గారూ," అంది యగోదా. "మిగిలిపోతే మిగిలిపోనీ." చెయ్యి చాపింది. ఆసుపత్రివాళ్లు అంతకు ముందు ఏ కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారో ఆమెకి పట్టలేదు. ఆయన చెయ్యి కలిపాక, ఇక సరే అంది.

*

ఆపరేషన్ రోజు ఆమెని మత్తులో బోర్లా పడుకోబెట్టారు. తర్వాత జరిగింది డాక్టరు చెప్పగా స్టెలియోస్ విన్నదీ, స్టెలియోస్ చెప్పగా ఊరు విన్నదీ. సూది మొదటిసారే సరైన గదిలోకి దిగింది. గొట్టం దిగింది. తెర మీద రాయి కనబడింది, పసుపూ గోధుమరంగూ కలిసిన గరుకు గోడలా. దాన్ని మధ్యలోంచి కొట్టుకుంటూ వచ్చారు. విరిగిన ముక్కల్ని సన్న పటకారుతో ఒక్కొక్కటే గొట్టంలోంచి బయటికి లాగారు. నడుమ భాగం పోయింది. కింది వైపు వేళ్లు పోయాయి. మిగిలింది పైన, పక్కటెముకల కిందికి పోయిన ఒక కొమ్ము.

దాని దగ్గరికి వెళ్లేసరికి తెర గులాబీ రంగు తిరిగింది. నీళ్లు పోసి కడిగారు. తేరుకుంది. కొమ్ము కనబడింది, స్పష్టంగా, కడ్డీ చాస్తే అందేంత దగ్గర. మళ్లీ ఎర్రబడింది. ఆయన చెయ్యి కదపకుండా ఆగాడు. మళ్లీ కడిగారు, మళ్లీ కనబడింది. రక్తపోటు బాగానే ఉందని మత్తు డాక్టరు చెప్పాడు. ఇంకొక్కసారి కొడితే రావచ్చు.

డాక్టర్ ట్రెలోర్ కడ్డీ బయటికి తీసేశాడు. వీపులోంచి ఒక గొట్టం బయటికి ఉంచి ఆపేశాడు.

మర్నాడు పొద్దున ఆమె మంచం పక్కకి వచ్చి దాచకుండా చెప్పాడు. "ఒక కొమ్ము మిగిలింది. నాకు కనబడుతూనే ఉంది. రక్తం ఊరింది, ఆపేశాను."

యగోదా ముఖం ఎప్పటిలాగే ఉంది. తర్వాత స్టెలియోస్ వైపు తిరిగి, వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ నడిచే ముక్కలు ముక్కల ఇంగ్లీషులో అంది: "ఈయనకి మన బావిలో పని చూపించొచ్చు."

"వేళ్లు మరీ సన్నం," అన్నాడు స్టెలియోస్. "పార పట్టలేడు."

మా ఊరివాళ్లు ఒక మనిషికి ఇచ్చే పెద్ద మెప్పు అదే. నలభై ఏళ్లలో ఆమె చూసిన మగవాళ్లలో ఎదురుగా కనబడుతున్నదాన్ని వదిలి వెనక్కి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు.

రక్తం నిలిచి, మూత్రం తేటపడేదాకా కొన్ని రోజులు ఆగి, అదే బెజ్జంలోంచి మళ్లీ దిగారు. ఈసారి తెర తేటగా ఉంది. కొమ్ము వచ్చేసింది. ఒక్క చిన్న పలుకు మాత్రం పక్క గదిలో ఉండిపోయింది, దానికి దారి మరీ ఇరుకు. దాన్ని వదిలేస్తున్నానని, ఏటేటా స్కాన్ తీయించుకోవాలని, రోజంతా నీళ్లు తాగుతూ ఉండాలని, తాగకపోతే ఆ పలుకే మళ్లీ అల్లం కొమ్మవుతుందని డాక్టరు చెప్పాడు. రక్త పరీక్షలు వరసగా మెరుగుపడ్డాయి. కిడ్నీ నిలబడింది. డయాలసిస్ మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

వెళ్లేముందు యగోదా విరిగిన ముక్కలు కొన్ని అడిగి పుచ్చుకుంది. పరీక్షకి పంపగా మిగిలినవి చిన్న గాజు సీసాలో పోసి ఇచ్చారు.

*

బస్సు దిగిన సాయంత్రం ఆమె స్టెలియోస్ వెంట నేరుగా క్లబ్బుకి వెళ్లింది. తాగడానికి కాదు, అతను బండి వదిలి వెళ్లింది అక్కడే కాబట్టి. లోపల మాటలు ఒక్కసారి తగ్గాయి. మిక్ డన్లీవీ బల్ల దగ్గరే ఉన్నాడు. ఆమె జాగాకి ఉత్తరం పక్క కొయ్యలు పాతింది అతనే. నోరు మంచిది, చెయ్యి కూడా మంచిదే, రంగు మాట వినబడితే మాత్రం ఆగలేడు.

"రా తల్లీ. అడిలైడ్ ఎలా ఉంది?"

"కిటికీలు ఎక్కువ."

"ఏమైనా తగిలిందా?"

అందరూ ఆమె చెప్పబోయే మాట తమలో తాము అనేసుకున్నారు. యగోదా జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"తగిలింది. ఇదిగో."

ఈ ఊరు పుట్టినప్పటినుంచి ఆ ప్రశ్నకి ఎవరూ ఆ జవాబు చెప్పలేదు.

"ఎంత రాయి?" అన్నాడు మిక్, గొంతు తగ్గించి.

"పిడికెడు. పగలగొట్టి తీశారు."

"పగలగొట్టారా? ఎవడా వెధవ? ఎక్కడ తగిలింది?"

"నా కిడ్నీలో. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. మూత్రంలో పుట్టిన రాయి, మిక్."

మిక్ నవ్వాడు. అంతకంటే చవకబారు అబద్ధం అతను జన్మలో విని ఉండడు. సీసా మూత తీశాడు. ఒక ముక్క అరచేతిలో వేసుకుని దీపం వైపు తిప్పి చూశాడు. పొడి రాయిలో రంగు తెలియదు. తడిపితేనే తెలుస్తుంది. గని మీద ఎవడైనా చేసే పనే అతనూ చేశాడు. నాలుకతో అద్దాడు.

స్టెలియోస్ గ్లాసు కింద పెట్టేశాడు. క్లినిక్ నుంచి ఇంటికి వెళుతూ లోపలికొచ్చిన డాఫ్నీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మిక్ అంకుల్," అంది మెల్లగా. "ఆంటీ చెప్పింది నిజమే. ఆ విమానం పిలిపించింది నేనే."

మిక్ ముక్కని మళ్లీ చూశాడు. తర్వాత యగోదా ముఖం వంక చూశాడు. అక్కడ ఎప్పటిలాగే ఏమీ లేదు.

"రంగు లేదు," అన్నాడు చివరికి.

"చెప్పాను కదా," అంది యగోదా. అతని ముందుకి ఒక బీరు జరపమని బల్ల వెనకున్న మనిషికి సైగ చేసింది. "పుక్కిలించు."

ఆ మాట మీద ఊరు ఒక వేసవంతా బతికింది. ఉత్తరం పక్క కొయ్యలు మాత్రం అలాగే ఉన్నాయి. డాఫ్నీ అంతగా చెప్పినా, మిక్ ఆ జాగాలో బావి దింపాడు. ఇంకా దింపుతున్నాడు. యగోదా ఒకసారి నిజం చెప్పింది కాబట్టి దాని కింద ఇంకేదో దాస్తోందని అతని నమ్మకం.

ఆమె మళ్లీ నిచ్చెన దిగింది. డాక్టరు చెప్పిన గడువు పూర్తి కాకముందే దిగిందని డాఫ్నీ కోపం. స్తంభాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇప్పుడు నడుముకి ఒక నీళ్ల డబ్బా కట్టుకుని దిగుతుంది. అది మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది, స్టెలియోస్ ఇంకోటి తాడు కట్టి దింపుతాడు. మూల సొరంగం సంగతి ఇప్పటికీ ఆమెకి ఇష్టం లేదు. అందుకని అవసరం పడినప్పుడల్లా పైకెక్కుతుంది. గ్లవ్స్ తీసి నడుముకి దోపి, ఇనుప మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని, ఎండలోకి వెళ్లి, మళ్లీ దిగుతుంది.

మొన్న నేను బావి దగ్గర ఉన్నప్పుడు కిందినుంచి స్టెలియోస్ సణుగుడు వినబడింది.

"పొద్దున్నుంచీ ఎక్కడం, దిగడం. ఇక తవ్వేదెప్పుడే?"

యగోదా అప్పుడే పైకి వచ్చింది. అంచు మీద చేతులానించి, ఊపిరి తీసుకుని, బావిలోకి వంగింది.

"ఎక్కుతున్నానంటే నాకున్న ఆ ఒక్క కిడ్నీ పనిచేస్తోందన్నమాట. నువ్వు తవ్వుతూ ఉండు."